ఆకాశం ఎర్రబడ్డ రోజు గాలి బానే ఉంది, మామూలుగా కనపడ్డ రోజు ఆయాసం వచ్చింది: అసలు పొగ ఎంత ఎత్తులో ఉందో ఎలా కొలుస్తారు?

ఫ్రీమాంట్_అమ్మ
ఇన్నేళ్లయినా నన్ను వదలని డౌట్ ఒకటుంది, ఇక్కడ ఎవరికైనా తెలిసుంటుందని అడుగుతున్నా. 2020 సెప్టెంబర్ 9, కాలిఫోర్నియా అడవులు కాలుతున్న రోజులు, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లెవరూ ఆ రోజు మర్చిపోరు. పొద్దున ఎనిమిదికి కర్టెన్ తీస్తే బయటంతా నారింజ రంగు, తొమ్మిదయ్యేసరికి ఇంకా చీకటి, వీధి దీపాలు ఆరనే లేదు, మధ్యాహ్నం పప్పులో తాలింపు లైటేసుకుని పెట్టాను. మా నాన్నగారు ఆ ఫిబ్రవరిలో గుంటూరు నుంచి వచ్చి, కోవిడ్‌కి ఫ్లైట్లు ఆగిపోయి మా దగ్గరే ఉండిపోయారు. ఆయనకి ఆయాసం. భయమేసి తలుపుల కింద తడి తువాళ్లు కుక్కి ఆయన్ని బెడ్‌రూమ్ దాటనివ్వలేదు. తీరా ఏక్యూఐ, అదే గాలి ఎంత చెడిందో చెప్పే నంబర్, చూస్తే అంత ఘోరంగా ఏం లేదు, ఆగస్టులో అంతకంటే ఎక్కువ చూశాం.

రెండ్రోజులాగి 11న ఆకాశం తెల్లగా, బూడిదగా, మామూలు మబ్బు రోజులా ఉంది. హమ్మయ్య పోయిందనుకుని బాల్కనీ తలుపు తీశా. నాన్న అక్కడే కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ ముప్పావుగంట కూర్చున్నారు. సాయంత్రానికి నెబ్యులైజర్ పెట్టాల్సొచ్చింది. అప్పుడు ఫోన్ తీసి చూస్తే 200 దాటి ఉంది.

భయపడాల్సిన రోజు నిశ్చింతగా ఉన్నా, నిశ్చింతగా ఉండాల్సిన రోజు భయపడ్డా. ఎందుకలా? పొగ పైన ఉందా కింద ఉందా అన్నది పైనుంచి శాటిలైట్లు చూసి చెప్పలేవా?

వానపిట్ట
ఆ రోజు మీకూ పొగకీ మధ్య సముద్రపు గాలి పొర అడ్డం పడింది. పసిఫిక్ మీంచి వచ్చే చల్లటి తడి గాలి, కొన్ని వందల మీటర్ల మందం, దుప్పటిలా నేలనంటుకుని ఉంటుంది. 8వ తేదీ ఈశాన్య గాలులకి నార్త్ కాంప్లెక్స్ అనే అడవి మంట విపరీతంగా రేగింది, ఆ పొగ దుప్పటి పైనుంచి వచ్చి కప్పేసింది. ఎండని ఆపేసింది కానీ ముక్కు దాకా రాలేదు. తర్వాత రోజుల్లో మెల్లగా కిందికి దిగి కలిసిపోయింది.

శాక్రమెంటో_సాంబారు
అవును, నాకూ గుర్తే. మా వైపు బూడిద కారు అద్దాల మీద పడేది, వైపర్ వేస్తే గీతలు పడేవి. అంతకుముందు 5న క్రీక్ ఫైర్ అనే ఇంకో అడవి మంట పొగ మేఘం చూశాను, చాలా దూరం నుంచి, ఫ్రెస్నో వైపు వెళ్తుంటే. కాలీఫ్లవర్ లాగా తెల్లగా, గట్టిగా, మనకి ఉరుముల మేఘం ఎలా ఉంటుందో అచ్చం అలా. మా ఆవిడ వాన పడేలా ఉందంది.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
మాకు పూర్తిగా రివర్స్. 2023 జూన్ 7, క్యూబెక్ అడవుల పొగ. ఇదే నారింజ రంగు, ఇవే ఫోటోలు, కానీ న్యూయార్క్‌లో ఏక్యూఐ 400 దాటింది. పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొచ్చేలోపు గొంతు మండింది. అంటే రంగు ఒకటే, పొగ ఉన్న చోటు వేరు. మీ పోస్టు చదివాక ఇప్పుడు అర్థమవుతోంది.

బెల్లంకొట్టు
నాకిది ఎక్కట్లేదు. శాటిలైట్ ఫోటోలో పొగ ఎక్కడుందో చూపిస్తారు కదండీ రోజూ న్యూస్‌లో. ఎక్కడుందో కనపడినప్పుడు ఎంత ఎత్తులో ఉందో కనపడదా?

వానపిట్ట
కనపడదు. మేడ మీంచి వంగి కిందున్న గాలిపటం చూడండి, నేల మీద పడుందో, పది అడుగులు లేచిందో నిటారుగా చూస్తే తెలీదు. మామూలుగా మనకి దొరికే ఏఓడీ అనే లెక్క కూడా అంతే, నేల నుంచి అంతరిక్షం దాకా మొత్తం గాలి స్తంభంలో ఎంత పొగ ఉందో కలిపి ఒక్క నంబర్ ఇస్తుంది. ఆ నంబర్ 9న బ్రహ్మాండంగా ఉండి ఉంటుంది, అక్కగారి నాన్న ఊపిరితిత్తులకి మాత్రం అందులో కొంచెమే చేరింది.

తాటిమట్ట
ఈ టాపిక్ చూసి లాగిన్ అయ్యా. మేరీల్యాండ్‌లో చదువుకునేటప్పుడు రెండు వేసవులు ఈ పనే చేశాను, పొగల ఎత్తు కొలవడం. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

టెర్రా అని నాసా శాటిలైట్, 1999 డిసెంబర్ 18న వెళ్లింది. దాంట్లో మైజర్ అనే పరికరం ఉంది. దానికి 9 కెమెరాలు. ఒకటి నిటారుగా కిందికి, నాలుగు ముందుకి, నాలుగు వెనక్కి, 26, 45, 60, 70 డిగ్రీల వాలులో. శాటిలైట్ పోతూ ఉంటే ఒకే చోటుని ముందు కెమెరా మొదట చూస్తుంది, తర్వాత నడిమిది, చివరికి వెనక్కి చూసేది, మొత్తం 7 నిమిషాల్లో తొమ్మిదీ చూసేస్తాయి.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గట్టు మీద తాటిచెట్లు జుయ్యిమని వెనక్కి పోతాయి, దూరంగా కొండ మాత్రం మనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది చూడండి, అదే ఇక్కడా. శాటిలైట్‌కి దగ్గరగా ఉన్నది, అంటే పైన ఉన్న పొగ, ఒక కెమెరా బొమ్మ నుంచి ఇంకో కెమెరా బొమ్మకి నేల కంటే ఎక్కువ జరిగినట్టు కనపడుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే ఎత్తు వచ్చేస్తుంది. 5 కిలోమీటర్ల ఎత్తులో పొగ ఉందనుకోండి, నిటారు కెమెరాతో పోలిస్తే 45 డిగ్రీల కెమెరాలో దాదాపు 5.1 కిలోమీటర్లు, 70 డిగ్రీల దాంట్లో 14 కిలోమీటర్లు పక్కకి పడుతుంది. ఒక్కో పిక్సెల్ 275 మీటర్లు కాబట్టి ఇది చాలా పెద్ద జరుగుడు, కంటితోనే కనపడుతుంది.

పచ్చిపులుసు
అన్నా మస్తు చెప్పినవ్. కానీ ఒకటి సమజ్ కాలే. పొగ ఏమన్న కొండనా ఒక్క తాన ఉండనీకి? 7 నిమిషాల్ల గాలికి కొట్టుకపోతది కదా. గాలికి జరిగిందేదో, ఎత్తు వల్ల జరిగిందేదో ఎట్ల తెలుస్తది?

బెల్లంకొట్టు
పులుసు గారు కరెక్ట్ చోట పట్టుకున్నారు. నాకూ అదే.

తాటిమట్ట
ఈ ప్రశ్న నన్ను మా గైడ్ మొదటి రోజే అడిగారు, నేను ముఖం తేలేశాను, పచ్చిపులుసు గారు ఒక్క పోస్టులో పట్టేశారు.

గాలి పక్కకి, అంటే శాటిలైట్ దారికి అడ్డంగా వీస్తుంటే గొడవ లేదు, ఎత్తు వల్ల వచ్చే జరుగుడు దారి వెంబడే ఉంటుంది కాబట్టి అడ్డంగా ఎంత జరిగిందో అదంతా గాలిదే. గాలి దారి వెంబడి వీస్తేనే తంటా. టెర్రా పగటిపూట ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంది. పొగ ఉత్తరానికి పోతోందనుకోండి, సెకనుకి 10 మీటర్ల వేగంతో. 45 డిగ్రీల కెమెరాకీ నిటారు కెమెరాకీ మధ్య తేడా సుమారు 92 సెకన్లు. ఈలోపు పొగ 920 మీటర్లు జరిగిపోయింది. ఆ 920 కూడా ఎత్తే అనుకుంటే లెక్కలో 900 మీటర్లు తప్పు వస్తుంది. దక్షిణానికి పోతుంటే అంతే తగ్గుతుంది.

దీనికి మందు ఏంటంటే తొమ్మిది కెమెరాలు ఉండటమే. భూమి గుండ్రం కాబట్టి 70 డిగ్రీల కెమెరాకి ఎత్తు వల్ల వచ్చే జరుగుడు బాగా పెరుగుతుంది కానీ టైమ్ అదే నిష్పత్తిలో పెరగదు. ఒక కిలోమీటర్ ఎత్తులో ఉన్న పొగకి చూస్తే, 45 డిగ్రీల దగ్గర ప్రతి కిలోమీటర్ జరుగుడుకి 90 సెకన్లు, 70 డిగ్రీల దగ్గర 72 సెకన్లు, అలా. ఆ తేడాతో రెండిటినీ విడదీస్తారు. రెండు కెమెరాలు ఉంటే ఇది కుదరదు, మూడో కన్ను కావాలి.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
మూడో కన్ను తెరిస్తే మంట పుడుతుందని విన్నాం, ఇక్కడ మంట ఎత్తు తెలుస్తోంది. శివ శివా

గాదంకి_రోడ్డు
తాటిమట్ట గారు కెమెరాల గురించే చెప్పారు, నా ఓటు లేజర్ కొట్టి ఎత్తు కొలిచే లైడార్‌కి. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ అనే వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది కదా, అక్కడ 1998 నుంచి లైడార్ ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు మమ్మల్ని ఒక రాత్రి తీసుకెళ్లారు. కొండల మధ్య చిమ్మచీకటి, బిల్డింగ్ కప్పులోంచి పచ్చటి గీత ఒకటి నిట్టనిలువుగా ఆకాశంలోకి, దాని లోపల దుమ్ము కణాలు మెరుస్తూ తిరుగుతున్నాయి, ఎండలో గదిలోకి పడ్డ వెలుగులో తిరిగినట్టు. నేను అలాగే నోరు తెరుచుకుని నిలబడ్డా, మెడ పట్టేసింది. లోపల స్క్రీన్ మీద ఏ ఎత్తులో ఎంత వెలుతురు వెనక్కి వచ్చిందో గీత గీస్తోంది.

అదే పనిని అంతరిక్షం నుంచి చేసింది కాలిప్సో శాటిలైట్. 2006 ఏప్రిల్ 28న వెళ్లింది, 2023 ఆగస్టు 1 దాకా పని చేసింది. పైనుంచి పచ్చ లేజర్ పల్స్ కొడుతుంది, పొగకి తగిలి వెనక్కి వచ్చేదాకా టైమ్ చూస్తుంది. ఇందులో గాలి లేదు, కోణం లేదు, పిక్సెల్ జరుగుడు లేదు. వెలుతురు 30 మీటర్లు వెళ్లి రావడానికి సెకనులో 50 లక్షల వంతు పడుతుంది, అంత సన్నగా టైమ్ కొలుస్తారు కాబట్టి 30 మీటర్ల తేడా కూడా పట్టేస్తుంది. పైగా పొగ పైభాగం మాత్రమే కాదు, అడుగు ఎక్కడుందో, మధ్యలో ఇంకో పొర ఉందో కూడా చూపిస్తుంది. అక్కగారికి కావాల్సింది అదే కదా, పొగ అడుగు నేలని తాకిందా లేదా.

తాటిమట్ట
లైడార్ గొప్పదే, ఒప్పుకుంటా. కానీ దాని గీత ఎంత వెడల్పో చెప్పలేదు మీరు. నేల మీద వంద మీటర్లు కూడా ఉండదు! మంట మీదుగా ఆ గీత పోవాలంటే అదృష్టం ఉండాలి, మళ్లీ అదే దారికి రావడానికి 16 రోజులు. మైజర్ 380 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది. నేను కొలిచిన పొగల్లో కాలిప్సో గీత మీదుగా పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గాదంకి_రోడ్డు
మరి మీరు కొలిచిన రోజుల్లో మీ మైజర్ పొద్దున పదిన్నరకే వెళ్లిపోయేదిగా. అడవి మంట రెచ్చిపోయేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. పదిన్నరకి చూసి ఇంతే లేచింది అంటే ఎలా? కాలిప్సో కనీసం ఒంటిగంటన్నరకి పోయేది.

పచ్చిపులుసు
ఇద్దరు కొట్లాడుకోకుర్రి, మాకు ఇద్దరి ముచ్చట మంచిగనే ఉంది

తాటిమట్ట
గాదంకి గారు, మీరన్నది నిజం, అది మాకు పెద్ద లోటు. ఉత్తర అమెరికా పొగల్ని వేల సంఖ్యలో కొలిస్తే ఎక్కువ భాగం నేలకి దగ్గరున్న కలగలుపు పొర లోపలే కనపడ్డాయి, కొన్నే దాన్ని దాటి పైకి పోయాయి. కానీ ఆ కొలత పదిన్నరది. మధ్యాహ్నం అయితే ఆ కొన్ని ఇంకాస్త పెరుగుతాయి. మోడల్స్ చేసేవాళ్లు అది గుర్తు పెట్టుకునే వాడాలి.

నిజానికి రెండూ చూసేవి వేరే చోట్లు. మైజర్‌కి మంట దగ్గర, అంచులు గట్టిగా ఉన్న చిక్కటి పొగ కావాలి, బొమ్మలో గుర్తు పట్టడానికి ఆకారం ఉండాలి కాబట్టి. పలచబడి దూరం వెళ్లిపోయిన పొగలో దానికి పట్టు దొరకదు. అక్కడ లైడార్‌దే రాజ్యం.

ఫ్రీమాంట్_అమ్మ
తాటిమట్ట గారూ మీరు రెండు వేసవులు ఏం చేసేవారో కొంచెం చెప్పరా? మా అమ్మాయి ఎనిమిదో క్లాసు, పక్కనే కూర్చుని చదువుతోంది, అడగమంటోంది.

తాటిమట్ట
తప్పకుండా చెప్తానమ్మా. మింక్స్ అని ఒక సాఫ్ట్‌వేర్. ముందు ఆ రోజు మంటలు ఎక్కడున్నాయో వేడి చుక్కలు ఎర్రగా చూపిస్తుంది. అందులో ఒకటి ఎంచుకుని, తొమ్మిది కెమెరాల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి టకటకా మారుస్తాం, సినిమా రీలు లాగా. నేల కదలదు, రోడ్లూ చెరువులూ ఉన్నచోటే ఉంటాయి, పొగ మాత్రం అటూ ఇటూ ఊగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఫ్లాట్‌గా ఉన్న బొమ్మలోంచి పొగ లేచి నిలబడినట్టు ఉంటుంది.

తర్వాత మౌస్‌తో పొగ చుట్టూ గీత గీయాలి, చుక్క చుక్కగా, మంట దగ్గర మొదలుపెట్టి పొగ పలచబడే దాకా. ఆ తర్వాత గాలి ఏ దిక్కుకి పోతోందో ఇంకో గీత. ఇది మనిషే గీయాలి, ఎందుకంటే పొగ ఎటు వంగిందో కంటికి తెలిసినంత బాగా మిషన్‌కి తెలీదు. గీత గీసి నొక్కితే 1.1 కిలోమీటర్‌కి ఒక చుక్క చొప్పున ఎత్తులు వచ్చి రంగుల్లో నిండుతాయి. పొగ పలచగా ఉంటే నీలం రంగు ఛానెల్ వాడేవాణ్ణి, నేల నీలంలో నల్లగా ఉంటుంది కాబట్టి పొగ తేలి కనపడుతుంది. సైబీరియాలో ఒక మంట ఉండేది, పొగ సరిగ్గా శాటిలైట్ దారి వెంబడే పోయేది, గాలి విడదీయడానికి లొంగేది కాదు, అది వచ్చిన ప్రతిసారీ అరగంట కూర్చుని చివరికి తీసి పక్కన పెట్టేవాణ్ణి. తప్పు ఎత్తు ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం.

సిడ్నీ_చిన్నోడు
మా దగ్గర 2019-20 మంటల గురించి ఎవరూ రాయలేదేంటి? డిసెంబర్ 29 నుంచి జనవరి 4 మధ్య లేచిన పొగ స్ట్రాటోస్ఫియర్‌లోకి పోయింది, అక్కడితో ఆగలేదు, తర్వాత వారాల్లో 30 కిలోమీటర్లు దాటి 35 దాకా ఎక్కింది. వెయ్యి కిలోమీటర్ల వెడల్పున్న సుడిలాగా ముద్దగా తిరుగుతూ దక్షిణార్ధగోళం చుట్టి వచ్చింది. దాన్ని పట్టుకున్న వాటిల్లో కాలిప్సో ఒకటి.

బెల్లంకొట్టు
35 కిలోమీటర్లా? విమానాలే 11 దగ్గర ఎగురుతాయి. కట్టెలు కాలిన పొగ అంత ఎత్తు ఎలా పోద్దండీ? అంకె ఎక్కడో తేడా కొట్టినట్టుంది.

సిడ్నీ_చిన్నోడు
అంకె కరెక్టే. రెండు అంచెలుగా పోయింది. మొదటి అంచె శాక్రమెంటో గారు చూసిన కాలీఫ్లవర్ మేఘం, దాన్ని పైరోసీబీ అంటారు. మంట వేడికి గాలి రాకెట్ లాగా లేస్తుంది, పైకి పోయేకొద్దీ అందులో నీటి ఆవిరి చల్లబడి మేఘమవుతుంది, అప్పుడు వదిలే వేడి ఇంకా పైకి తోస్తుంది. అలా 12, 15 కిలోమీటర్లకి చేరుతుంది. రెండో అంచె ఎండ. పొగలో నల్ల మసి ఉంది కదా, ఎండని పీల్చుకుని చుట్టూ గాలిని వేడెక్కిస్తుంది, ఆ గాలి తేలికై పొగని మోసుకుంటూ రోజూ కొంచెం కొంచెం పైకి పోతుంది. మంట ఆరిపోయినా పొగ ఎక్కుతూనే ఉంటుంది. 2017 ఆగస్టులో కెనడా బ్రిటిష్ కొలంబియా పొగ కూడా అంతే, 12 నుంచి రెండు నెలల్లో 23 కిలోమీటర్లకి పోయింది.

బెల్లంకొట్టు
సరే ఒప్పుకున్నా. నల్ల గొడుగు ఎండలో వేడెక్కినట్టు.

శాక్రమెంటో_సాంబారు
మరి మా ఆవిడ అన్నట్టు ఆ మేఘం నుంచి వాన పడదా?

వానపిట్ట
పెద్దగా పడదు. పొగ కణాలు ఎక్కువైపోయి ఉన్న నీరంతా కోట్ల చిన్న చుక్కలుగా పంచుకుపోతుంది, ఒక్కటీ వానచినుకంత బరువెక్కదు. పిడుగులు మాత్రం పడతాయి, కొత్త మంటలు పెడతాయి.

ఇంకోటి, ఈ పైరోసీబీల ఎత్తుకి స్టీరియో, అంటే వేర్వేరు కోణాల బొమ్మలు పోల్చడం, కూడా అక్కర్లేదు, గోస్ లాంటి భూస్థిర శాటిలైట్, అంటే ఎప్పుడూ ఒకే చోటు పైన నిలబడి చూసేది, మేఘం పైభాగం ఉష్ణోగ్రత చూస్తుంది, మైనస్ 40 కన్నా చల్లగా ఉందంటే ఎంత ఎత్తుకి పోయిందో బెలూన్ కొలతలతో పోల్చి చెప్పేస్తారు. క్రీక్ ఫైర్ మేఘం 15 కిలోమీటర్ల దాకా పోయింది. కానీ మామూలు పలచటి పొగకి ఈ పద్ధతి పనికిరాదు, పొగలోంచి నేల వేడి దాటి వచ్చేస్తుంది, శాటిలైట్‌కి నేలే కనపడుతుంది.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
ఇదంతా బానే ఉంది కానీ నాకో ఫిర్యాదు. పదిన్నరకో ఒంటిగంటన్నరకో ఒకసారి పోయే శాటిలైట్లతో ఆ రోజు తలుపు తెరవాలా వద్దా అన్నది తేలదు కదా. రోజంతా చూసేది ఏదీ లేదా?

గాదంకి_రోడ్డు
ఉంది. డిస్కవర్ అనే శాటిలైట్ మీద ఎపిక్ కెమెరా, 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడికీ మనకీ మధ్య నిలబడి భూమి పగటి వైపు మొత్తం రోజుకి చాలాసార్లు ఫోటో తీస్తూ వచ్చింది. ఎత్తు కొలిచే పద్ధతి కూడా అందంగా ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ ఎంత శాతమో మనకి తెలుసు, అది ఎక్కడా మారదు. ఆక్సిజన్ కొన్ని రంగుల వెలుతురుని మింగేస్తుంది, కంటికి అందని ముదురు ఎరుపులో, 760 నానోమీటర్ల దగ్గర బాగా. పొగ పైన ఉంటే ఎండ దానికి తగిలి త్వరగా వెనక్కి తిరిగిపోతుంది, దారిలో తక్కువ ఆక్సిజన్, తక్కువ మింగుడు. కింద ఉంటే లోతుగా వచ్చి పోవాలి, ఎక్కువ మింగుడు. ఎంత మింగిందో చూస్తే పొగ ఎత్తు తెలిసిపోతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-5పీ మీద ట్రోపోమి కూడా ఇదే చేస్తుంది, 2017 నుంచి, 2600 కిలోమీటర్ల వెడల్పు కాబట్టి ప్రపంచమంతా రోజుకోసారి.

తాటిమట్ట
ఒక జాగ్రత్త. పచ్చటి చెట్లు ఆ 760 దగ్గర తళతళా మెరుస్తాయి. పలచటి పొగ అడవి మీద ఉంటే వెనక్కి వచ్చే వెలుతురులో నేలది చాలా కలిసిపోయి, పొగ ఉన్నదానికంటే కింద ఉన్నట్టు లెక్క వస్తుంది. సముద్రం మీదైతే బాగా పని చేస్తుంది. అడవి మంట పొగ కొలిచేది అడవి మీదే కదా, అదీ చిక్కు.

రోజంతా చూడాలంటే నాకు నచ్చింది రెండు గోస్‌లు కలిపి వాడటం. 2020లో ఒకటి తూర్పున, ఒకటి పసిఫిక్ మీద, కాలిఫోర్నియా రెండిటికీ కనపడుతుంది. ఒకే నిమిషంలో రెండు కళ్లతో చూస్తే గాలి గొడవే ఉండదు.

పచ్చిపులుసు
మన దగ్గర దీనికి ఉదాహరణ భోగి. మా అత్తగారిది గుంటూరు దిక్కు, సంక్రాంతికి పోతె తెల్లారగట్ల నాలుగున్నరకు భోగి మంట ఏస్తరు. పొగ పైకి పోనే పోదు. ఇంటి కప్పు దాక లేసి అక్కడ్నుంచి ఊరంత చాప పరిచినట్టు పరుసుకుంటది, ఎదురుగ వచ్చే మనిషి కనవడడు. అదే ఎండకాలం పగటిపూట గడ్డి కాలవెడితె నిట్టనిలువుగ పోతది. మంట అదే, పొగ అదే, గాలి వేరే.

వానపిట్ట
పర్ఫెక్ట్. చలికాలం తెల్లవారుజామున నేల చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది, మూత పెట్టినట్టు. చెన్నైలో భోగి రోజు ఆ పొగమంచుకి విమానాలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. పంజాబ్ వరిగడ్డి పొగ ఢిల్లీని అంతగా బాధపెట్టడానికి కూడా అక్టోబర్, నవంబర్‌లో ఆ మూత కిందికి దిగిపోవడం ఒక కారణం. ఎంత కాలింది అన్నదొక్కటే చూసి పొగని లెక్కేస్తే సగం కథ పోతుంది.

సిడ్నీ_చిన్నోడు
కాలిప్సో పోయాక ఆ చోటు ఖాళీగా ఉందా అని ఎవరైనా అడుగుతారేమో, 2024 మే 28న ఎర్త్‌కేర్ వెళ్లింది, యూరప్, జపాన్ కలిసి పంపినది. దాంట్లో కొత్త లైడార్ ఉంది, ఇది అతినీలలోహితంలో కొడుతుంది, 355 నానోమీటర్లు. పచ్చ గీత కనపడదు గాదంకి గారూ, కంటికి అందదు.

గాదంకి_రోడ్డు
కనపడకపోయినా పర్లేదు, పైన ఒకటి ఉందంటే చాలు నాకు. నెల రోజులు గ్యాప్ వచ్చినా దిగులేస్తుంది.

ఫ్రీమాంట్_అమ్మ
అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఇన్నేళ్లు నా వల్లే నాన్నకి అలా అయిందని లోపల ఒకటి ఉండిపోయింది. ఆయన ఈ ఆగస్టులో మళ్లీ వస్తున్నారు. ఇంతకీ నేను రోజూ చూసుకోవాల్సింది ఏంటి?

వానపిట్ట
ఆకాశం రంగు చూడొద్దు, శాటిలైట్ ఫోటో కూడా ఒక్కటే చూడొద్దు. మీ వీధికి దగ్గరున్న సెన్సర్ నంబర్ చూడండి, ఎయిర్‌నౌ వాళ్ల ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్‌లో ఉంటుంది, నాన్నగారు పీల్చేది అదే. రేపటి సంగతికి హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ అనే వాతావరణ మోడల్ స్మోక్ మ్యాప్ చూడండి, అందులో నేల దగ్గర పొగ విడిగా, మొత్తం స్తంభంలో పొగ విడిగా రెండు బొమ్మలు ఇస్తారు. మంట నుంచి వచ్చే వేడిని శాటిలైట్ కొలిస్తే దాన్ని బట్టి పొగ ఎంత ఎత్తుకి లేస్తుందో మోడల్ అంచనా వేస్తుంది. 9వ తేదీ లాంటి రోజు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మ్యాప్ బాగుందని మాత్రం సెన్సర్ చూడటం మానొద్దు.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
ఒక గది ఎంచుకుని ఫిల్టర్ పెట్టేయండి అక్కా. మేం ఆ జూన్‌లో బాక్స్ ఫ్యాన్‌కి నాలుగు వైపులా ఫర్నేస్ ఫిల్టర్లు టేపుతో అంటించి నడిపాం, రెండో రోజుకి తెల్ల ఫిల్టర్ టీ డికాక్షన్ రంగుకొచ్చింది. అది చూశాక మా అమ్మ కిటికీ తెరవమని అడగలేదు.

తాటిమట్ట
మీ అమ్మాయికి ఒక లెక్క ఇస్తా, ఊరికే కట్టిన అంకెలే. 45.6 డిగ్రీల కెమెరాలో, నిటారు బొమ్మతో పోలిస్తే, పొగ 18 పిక్సెళ్లు జరిగింది. పిక్సెల్ 275 మీటర్లు. పొగ ఉత్తరానికి సెకనుకి 10 మీటర్లు పోతోంది, రెండు బొమ్మల మధ్య 92 సెకన్లు. ఎత్తెంత?

ఫ్రీమాంట్_అమ్మ
ముందు 4848 అని రాసింది. నేను ఏం చెప్పలేదు. తనే పచ్చిపులుసు గారి పోస్టు మళ్లీ చదివి, అమ్మా గాలి మర్చిపోయా అంది. 4950లోంచి 920 తీసేసి, టాన్ 45.6, అంటే 1.021తో భాగించి 3947 మీటర్లు అంటోంది. కరెక్టేనా?

తాటిమట్ట
కరెక్ట్. కాకపోతే 3.9 కిలోమీటర్లు అని రాయమనండి, మైజర్‌కి చివరి 47 మీటర్లు తెలిసేంత చూపు లేదు, పావు నుంచి అర కిలోమీటర్ అటూ ఇటూ ఉంటుంది.

పచ్చిపులుసు
బిడ్డ నా పోస్టు రెండోసారి సదివిందంటె మా ఆమెకు సూపెట్టిన

ఫ్రీమాంట్_అమ్మ
3.9 అని దిద్దింది. ఇప్పుడు తాతయ్య వచ్చేలోపు ఫ్యాన్ ఫిల్టర్ తనే కడతానంటోంది, ఎడిసన్ గారూ ఆ ఫిల్టర్ సైజు ఎంతో చెప్పండి.

ఎడిసన్_ఎక్స్‌ప్రెస్
20 బై 20, రెండంగుళాల మందం, మెర్వ్ 13 గ్రేడు. గాలి బాణం గుర్తు లోపలికి ఉండేలా అంటించమనండి, మేం మొదటిసారి తిప్పి పెట్టాం.